నోబుల్ వీధిలో గుడి, బడి



చికాగోలో ఉన్నవాళ్ళకి, కొన్నాళ్ళు ఉండి వెళ్ళినవాళ్ళకి కెనడీ ఎక్స్‌ప్రెస్‌వే గురించి చెప్పనక్కరలేదు. షాంబర్గ్ వైపు నుంచి డౌన్‌టౌన్‌కి వెళ్తుంటే, డివిజన్ స్ట్రీట్ దగ్గరపడేసరికి కుడిచేతి వైపు, రోడ్డుకి దాదాపు ఆనుకుని పాతకాలపు ఇటుక చర్చి ఒకటి కనిపిస్తుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని చాలామందిమి దాన్ని చూస్తూ కూర్చున్నవాళ్ళమే. దాని పేరు సెయింట్ స్టానిస్లాస్ కోస్ట్కా చర్చి. నోబుల్ స్ట్రీట్‌లో ఉంది. ఈ వారం నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ చర్చి గురించీ, అంతకన్నా ఎక్కువగా దాని బడి గురించీ.

మనం తెలుగువాళ్ళం కదా, పోలండు వాళ్ళ చర్చితో మనకేం పని అంటారేమో. పని ఉంది. మన ఊళ్ళలో ఏ సంఘం మీటింగుకి వెళ్ళినా ఒక వాదన వినిపిస్తూ ఉంటుంది. చందాలు పోగుచేసి ముందు హాలు కట్టాలా, గుడి విస్తరించాలా, పిల్లలకి తెలుగు బడి పెట్టాలా? పెడితే ఎవరు చెబుతారు, ఎన్నాళ్ళు చెబుతారు, పిల్లలకి ఏమైనా మిగులుతుందా? ఈ ప్రశ్నలన్నీ నూట యాభై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో, మనకంటే చాలా బీదవాళ్ళు వేసుకున్నారు. వాళ్ళు చెప్పుకున్న జవాబులు ఇటుకల రూపంలో ఉన్నాయి. ఆ ఇటుకల్లో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చూసే అవకాశం మనకి దొరికింది.

ముందుగా ఒక మాట. ఇంగ్లీషులో పారిష్ అనేదాన్ని మన తెలుగు క్యాతలిక్కులు 'విచారణ' అంటారు. ఒక గురువు బాగోగులు విచారించే ప్రాంతం, ఆ ప్రాంతంలోని జనం, వాళ్ళ గుడి, బడి, సమాధుల దొడ్డి, అన్నీ కలిపి విచారణ. విచారణలన్నిటి మీదా ఉండే పెద్దగురువు, అంటే బిషప్పు, మేత్రాణులు. ఆ మాటలే ఇక్కడా వాడతాను.

ఇంతకీ ఈ పోలండు వాళ్ళు ఎలాంటి పరిస్థితిలో వచ్చారు? 1795 నాటికి పోలండును రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ పంచేసుకున్నాయి. 1918 దాకా ప్రపంచపటంలో ఆ దేశమే లేదు. ప్రష్యా కింద ఉన్న భాగంలో 1870ల నుంచీ బళ్ళలో జర్మన్ భాషని రుద్దడం ముదిరింది. చివరికి పిల్లలు దేవుణ్ణి తలుచుకోవడం కూడా జర్మన్‌లోనే జరగాలన్నారు. 1901లో వ్జెష్నియా అనే ఊళ్ళో పిల్లలు జర్మన్‌లో ప్రార్థన చెప్పం అని భీష్మించుకుంటే వాళ్ళని బెత్తాలతో కొట్టారు. అడ్డుపడ్డ తల్లిదండ్రులకి జైలుశిక్షలు వేశారు. అది యూరప్ అంతా మారుమోగిన గొడవ. అంచేత ఆ జనానికి భాష, ప్రార్థన, బడి అనేవి మూడు వేరు వేరు విషయాలు కావు. ఒకటి పోతే మూడూ పోతాయని వాళ్ళకి అనుభవంలో తెలుసు.

చికాగోలో స్థిరపడ్డ మొదటి పోలండు మనిషిగా చెప్పేది ఆంటన్ స్మార్జెవ్‌స్కీ అనే వడ్రంగిని. ఇక్కడ షెర్మన్ అని పేరు మార్చుకున్నాడు. 1851లో వచ్చాడు. 1864లో ఆయనా, టెక్సాస్ నుంచి వచ్చిన పీటర్ కియోల్‌బాసా అనే ఆయనా, మరికొందరూ కలిసి పునీత స్టానిస్లాస్ కోస్ట్కా పేరు మీద ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ కోస్ట్కా ఎవరంటే, జెస్యూట్ గురువు కావాలని ఇల్లు వదిలి నడిచి వెళ్ళి, 1568లో రోములో పదిహేడేళ్ళకే చనిపోయిన పోలండు కుర్రవాడు. విద్యార్థుల పునీతుడు. రాజుల పేర్లు, బిషప్పుల పేర్లు ఎన్నో ఉండగా, వాళ్ళు ఒక చదువుకునే పిల్లవాడి పేరు ఎంచుకున్నారు.

గమనించండి, ముందు పుట్టింది సంఘం. గుడి తరవాత వచ్చింది. 1867లో విచారణ ఏర్పడింది. 1869లో యుష్కేవిచ్ అనే మొదటి గురువు వచ్చారు. 1871 జూన్‌లో నోబుల్ స్ట్రీట్‌లో చెక్కతో కట్టిన మొదటి గుడిని ఆశీర్వదించారు. ఆ కాలంలో వలసవాళ్ళ విచారణల్లో మామూలు పద్ధతి ఏమిటంటే, ఒకటే కట్టడం, ఒక అంతస్తులో పూజ, ఇంకో అంతస్తులో పాఠాలు. రెండు కట్టడాలకి డబ్బుండేది కాదు, పాఠాలు ఆపడం వాళ్ళకి ఇష్టం ఉండేది కాదు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1871 అక్టోబరులో, చికాగో మహా అగ్నిప్రమాదం వచ్చింది. ఊళ్ళో పెద్ద భాగం బూడిదైంది. అయితే మంటలు నది ఉత్తరపాయకి పడమటి వైపున్న ఈ పేటకి రాలేదు. చెక్క గుడి బతికింది.

1874లో ఫాదర్ విన్సెంట్ బార్జిన్‌స్కీ విచారణ గురువుగా వచ్చారు. ఈయన కథ నవలలా ఉంటుంది. 1863లో రష్యా మీద పోలండులో జరిగిన తిరుగుబాటుకి సాయపడి, దేశం వదిలి, ఫ్రాన్స్‌లో తలదాచుకుని, పునరుత్థాన సభ అనే గురువుల సభలో చేరి, టెక్సాస్‌లో కొన్నేళ్ళు పనిచేసి చికాగో చేరారు. ఇరవై అయిదేళ్ళు, 1899లో కన్నుమూసేదాకా, ఈ విచారణని నడిపించారు. ఆయన వచ్చిన ఏడే నోటర్ డామ్ సభ మఠకన్యలు బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. ఇది చిన్న విషయంగా వదిలెయ్యకండి. మళ్ళీ ఈ విషయానికి వస్తాను.

1877 జులైలో ఇప్పుడు మనం రోడ్డు మీంచి చూసే పెద్ద గుడికి శంకుస్థాపన జరిగింది. బ్రూక్లిన్‌కి చెందిన పాట్రిక్ కీలీ అనే ప్రసిద్ధ శిల్పి గీసిన నమూనా. 1881 జులైలో ప్రారంభం. పొడవు 200 అడుగులు, వెడల్పు 80 అడుగులు. జనం ఎంతగా పెరిగారంటే, 1897 నాటికి ఈ ఒక్క విచారణలో 8,000 కుటుంబాలు, 40,000 మంది ఉన్నారని లెక్క. దేశంలోకెల్లా పెద్ద విచారణ అని చెప్పుకునేవాళ్ళు. ఆదివారం పైగుడిలో ఆరు పూజలు, కింది గుడిలో ఆరు పూజలు. మన వైకుంఠ ఏకాదశి రద్దీ వాళ్ళకి వారం వారం ఉండేదన్నమాట. బడిలో పిల్లలు మూడు వేలు దాటారు. 1890లో మగపిల్లల హైస్కూలు కూడా పెట్టారు. అదే ఏడు పోలిష్ దినపత్రిక 'జెన్నిక్ చికాగోస్కీ' మొదలైంది.

దీనికంతటికీ డబ్బెక్కడిది అంటారా? ఆ పేటలో మగవాళ్ళు నది ఒడ్డున తోళ్ళు ఊనే కార్ఖానాల్లో, ఇనుప పోత కొలుముల్లో, కలప అడితుల్లో పనిచేసేవాళ్ళు. నైపుణ్యం లేని కూలికి ఆ రోజుల్లో రోజుకి ఒకటిన్నర డాలరు అటూ ఇటూ. ఆడవాళ్ళు ఇంట్లో గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్ళకి వండిపెట్టి నాలుగు రాళ్ళు కూడబెట్టేవాళ్ళు. ఆ డబ్బులోంచే గుడిలో బల్లకి అద్దె, ఆదివారం చందా, పిల్లాడి బడి జీతం, చావు ఖర్చులకి సంఘం చందా. ఒక విచారణలో ఇలాంటి సంఘాలు పదుల సంఖ్యలో ఉండేవి. పురుషులవి, స్త్రీలవి, గాయకులవి, పెళ్ళికాని అమ్మాయిలవి. ఒక్కో సంఘం ఒక్కో కిటికీనో, గంటనో, పీఠాన్నో తలకెత్తుకునేది.

ఇది చాలక బార్జిన్‌స్కీ గారు విచారణ పేరు మీద ఒక బ్యాంకులాంటిది కూడా నడిపారు. అసలు బ్యాంకుల మీద నమ్మకం లేని జనం తమ మిగులు డబ్బు గురువు చేతిలో పెట్టేవాళ్ళు. ఆ డబ్బుతో స్థలాలు కొన్నారు, కట్టడాలు లేపారు. 1893 తరవాత దేశంలో ఆర్థికమాంద్యం వచ్చి పనులు పోయి, జనం తమ డబ్బు వెనక్కి అడగడం మొదలుపెట్టేసరికి ఇబ్బంది పడ్డారు. ఆయన పోయేనాటికి విచారణ నెత్తిన పెద్ద అప్పు మిగిలింది. తరవాతివాళ్ళు ఏళ్ళ తరబడి తీర్చారు. ఆయన భక్తుడూ, కార్యశూరుడూ అనడంలో సందేహం లేదు. కానీ ఒక మనిషి మాట మీద నడిచిన పద్దుకి, ఆ మనిషి లేని రోజున ఎవరు జవాబుదారీ?

పద్దుల మాట వచ్చింది కాబట్టి కియోల్‌బాసా సంగతి చెప్పాలి. ఆయన 1891లో చికాగో నగర కోశాధికారిగా ఎన్నికయ్యాడు. అంతకు ముందు కోశాధికారులు నగరం డబ్బు బ్యాంకుల్లో వేసి, దాని మీద వడ్డీ తమ జేబులో వేసుకోవడం ఆనవాయితీ. తప్పని కూడా ఎవరూ అనేవాళ్ళు కాదు. ఈయన ఆ వడ్డీ మొత్తం నగరానికే కట్టాడు. 'నిజాయితీ పీట్' అని పేరొచ్చింది.

ఇక బడి ఎందుకు అంత ముఖ్యమైంది? ఆ కాలంలో అమెరికాలో చాలాచోట్ల సర్కారు బళ్ళలో ప్రొటెస్టెంటు వాతావరణం ఉండేది. వాళ్ళ బైబిలు, వాళ్ళ ప్రార్థనలు. 1884లో బాల్టిమోరులో దేశంలోని క్యాతలిక్ మేత్రాణులందరూ సమావేశమై, ప్రతి విచారణా రెండేళ్ళలో సొంత బడి కట్టుకోవాలని తీర్మానించారు. ఐరిష్ వాళ్ళకి అది మతం ప్రశ్న మాత్రమే. పోలండు, జర్మన్, బొహీమియా వాళ్ళకి మతంతో పాటు భాష ప్రశ్న కూడా. చదవడం, రాయడం, సత్యోపదేశం, దేశచరిత్ర పోలిష్‌లో. మిగతావాటిలో ఇంగ్లీషు మెల్లమెల్లగా చేరుతూ వచ్చింది.

1889లో ఇల్లినాయ్ రాష్ట్రం ఎడ్వర్డ్స్ చట్టం అని ఒకటి చేసింది. పిల్లల్ని తప్పనిసరిగా బడికి పంపాలి అంటూనే, ప్రైవేటు బళ్ళలో కూడా ముఖ్యమైన పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలని అందులో కలిపారు. జర్మన్ లూథరన్లు, జర్మన్ క్యాతలిక్కులు, పోలండు వాళ్ళు, మామూలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళంతా ఏకమయ్యారు. 1892లో గవర్నరు ఎన్నిక తారుమారు కావడానికి అదొక కారణం. ఆ మరుసటేడు, 1893లో, చట్టం రద్దయింది. కూలివాళ్ళు వోటుతో తమ బడిని కాపాడుకున్నారు.

అలాగని అంతా ఒక్కతాటి మీద ఉన్నారనుకోకండి. సెయింట్ స్టానిస్లాస్‌కి నాలుగడుగుల దూరంలో, అదే నోబుల్ స్ట్రీట్‌లో, 1873లో హోలీ ట్రినిటీ అని ఇంకో పోలిష్ గుడి లేచింది. జనం ఎక్కువై మొదలైన గుడే అయినా, కొద్దిరోజుల్లో అది రెండు వర్గాల గొడవగా మారింది. ముందు మతమా, ముందు దేశమా? గుడి పద్దులు గురువు చూడాలా, జనం ఎన్నుకున్న కమిటీ చూడాలా? మా చెమటతో కట్టిన కట్టడం దస్తావేజు మేత్రాణుల పేర ఎందుకుండాలి? ఇరవై ఏళ్ళు నలిగింది ఈ గొడవ. మధ్యలో ఆ గుడికి తాళాలు కూడా పడ్డాయి. చివరికి 1893లో పోపు ప్రతినిధి సతోల్లి స్వయంగా వచ్చి, ఆ గుడిని వేరే సభ గురువులకి అప్పగించి సర్దుబాటు చేశారు. 1895లో సెయింట్ హెడ్‌విగ్ విచారణలో కొట్లాట జరిగి, కొందరు విడిపోయి సొంత గుడి పెట్టుకున్నారు. ఇవి వింటుంటే మన తెలుగు సంఘాలు, వాటిలోంచి పుట్టిన ఇంకో తెలుగు సంఘాలు మీకు గుర్తొస్తే నా తప్పు కాదు!

కానీ కొట్లాడుకుంటూనే పెరిగారు. 1884లో సెయింట్ జోసఫట్, 1888లో సెయింట్ హెడ్‌విగ్, 1893లో సెయింట్ జాన్ కాంషియస్, 1899లో సెయింట్ మేరీ ఆఫ్ ది ఏంజెల్స్. ఒక తల్లి విచారణలోంచి ఇన్ని పిల్ల విచారణలు పుట్టుకొచ్చాయి. ప్రతిచోటా గుడితో పాటు బడి. 1906లో సెయింట్ స్టానిస్లాస్ బడి మంటల్లో కాలిపోయింది. పాత అప్పు ఉండగానే కొత్త బడి కట్టడానికి పూనుకుని 1908 నాటికి నిలబెట్టారు.

ఇప్పుడు మఠకన్యల విషయానికి వస్తాను. ఇంత పెద్ద బడి ఎలా నడిచింది అంటే, ఒక్కో తరగతిలో అరవై డెబ్భై మంది పిల్లల్ని కూర్చోబెట్టి, తిండికీ గుడ్డకీ సరిపడే డబ్బుతో పాఠాలు చెప్పిన ఆ ఆడవాళ్ళ వల్ల నడిచింది. గోపురాల మీద వాళ్ళ పేర్లు లేవు. శిలాఫలకాల మీద కూడా గురువుల పేర్లు, దాతల పేర్లే ఎక్కువ. బడి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు టీచర్ల జీతం. ఆ పద్దుని వాళ్ళు తమ జీవితాలతో చెల్లించారు. నాతో సహా ఈ కార్యక్రమం వింటున్నవాళ్ళలో ఎంతోమంది ఆంధ్రదేశంలో, తెలంగాణలో సిస్టర్ల దగ్గర చదువుకున్నవాళ్ళమే. మతం ఏదైనా సరే, ఒకటో ఎక్కం దగ్గర్నుంచి వాళ్ళ చేతి కింద నేర్చుకున్నాం. అంచేత ఈ మాట మనకి అర్థం కావడం కష్టం కాదు.

ఇక భాష సంగతి. 1916లో జార్జ్ మండలైన్ చికాగో అగ్రపీఠాధిపతిగా వచ్చారు. ఆయన పట్టుదల, అన్ని విచారణల బళ్ళకీ ఒకే పాఠ్యక్రమం ఉండాలి, పాఠాలు ఇంగ్లీషులో జరగాలి అని. సత్యోపదేశం, చదవడం మాత్రం సొంత భాషలో చెప్పుకోవచ్చు. గవర్నరుని ఓడించినవాళ్ళు మేత్రాణుల్ని ఓడించలేరు కదా. పోలిష్ గురువులు గట్టిగానే ప్రతిఘటించారు, చాలాచోట్ల పోలిష్ పాఠాలు సాగాయి కూడా. కానీ మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఇంగ్లీషు కాని ప్రతి భాషనీ అనుమానంగా చూసే రోజులొచ్చాయి. 1924 వలస చట్టం పోలండు నుంచి కొత్తవాళ్ళ రాకని బాగా తగ్గించేసింది. (మనకైతే 1917 చట్టమే తలుపులు మూసేసింది.) కొత్త రక్తం ఆగిపోయాక, పిల్లలు ఆటస్థలంలో ఇంగ్లీషు, ఇంట్లో పోలిష్ అన్నారు. వాళ్ళ పిల్లలు ఇంట్లో కూడా ఇంగ్లీషే అన్నారు. చట్టం చెయ్యలేని పనిని అమ్మానాన్నల నోళ్ళు చేశాయి.

బడి భవనాల గురించి మాట్లాడుతూ ఒక విషాదం చెప్పకుండా దాటెయ్యలేను. 1958 డిసెంబరు 1న, ఇదే చికాగోలో అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ అనే విచారణ బడిలో నిప్పంటుకుని 92 మంది పిల్లలు, ముగ్గురు మఠకన్యలు చనిపోయారు. సుమారు 1,600 మంది చదివే బడి. పాత పద్ధతిలో కట్టింది. లోపల చెక్క మెట్లు, నేలకి ఎంతో ఎత్తున కిటికీలు, మంటలార్పే స్ప్రింక్లర్లు లేవు. 1949 నాటి నగర నిబంధనలు కొత్త భవనాలకే వర్తించేవి, పాతవాటికి మినహాయింపు. ఆ తరవాతే దేశమంతటా బళ్ళ నిబంధనలు బిగించారు. ఈనాడు మన పిల్లలు బడిలో ఫైర్ డ్రిల్ చేసి వచ్చి నవ్వుతూ చెబుతారే, దాని వెనక ఆ పిల్లలున్నారు. 2004లో కుంభకోణంలో 94 మంది పసివాళ్ళు బడిలో కాలిపోయినప్పుడు మనమంతా ఏడ్చాం. పైసా పైసా కూడబెట్టి కట్టే కట్టడంలో మొదట తెగ్గోసేది కంటికి కనపడని ఖర్చునే. మన గుళ్ళ బేస్‌మెంట్లలో, అద్దె హాళ్ళలో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవాళ్ళు బయటికి దారులెన్ని, అవి తెరిచి ఉన్నాయా అని వారం వారం చూసుకోవాలి.

యుద్ధం తరవాత ఎక్స్‌ప్రెస్‌వేలు వచ్చాయి. 1960లో తెరిచిన ఈ రోడ్డు మొదటి గీత ప్రకారం సెయింట్ స్టానిస్లాస్ గుడి మీదుగానే వెళ్ళాలట. పేట పెద్దలు, రాజకీయాల్లో ఉన్న పోలిష్ నాయకులు పట్టుబట్టి గీతని పక్కకి జరిపించారు. గుడి దక్కింది కానీ చుట్టూ ఇళ్ళు ఎన్నో పోయాయి. ఉన్నవాళ్ళు కూడా నాలుగు రాళ్ళు వెనకేసుకుని శివార్లకి తరలిపోయారు. 1964లో పిడుగు పడి ఒక గోపురం పైభాగం కూడా కూలింది. ఖాళీ అయిన ఇళ్ళలోకి పోర్టోరికో వాళ్ళు, మెక్సికో వాళ్ళు వచ్చారు. వాళ్ళూ క్యాతలిక్కులే, బీదవాళ్ళే, పిల్లలకి బడి కావలసినవాళ్ళే. పోలిష్ పాటలు పాడిన గుడిలో స్పానిష్ పూజలు మొదలయ్యాయి. తరవాతి దశాబ్దాల్లో ఇంగ్లీషు, పోలిష్, స్పానిష్ మూడు భాషల్లోనూ పూజలు జరిగే చోటైంది అది.

అమెరికాలో క్యాతలిక్ బళ్ళు ఉచ్చస్థితిలో ఉన్నది 1965 ప్రాంతంలో. దాదాపు 13,000 బళ్ళు, 50 లక్షలకి పైగా పిల్లలు. ఇప్పుడు బళ్ళు ఆరు వేలకి లోపు, పిల్లలు 17 లక్షల దగ్గర. మఠాల్లో చేరే ఆడపిల్లలు తగ్గిపోయారు, జీతాలిచ్చి టీచర్లని పెట్టాల్సి వచ్చింది, ఫీజులు పెరిగాయి, జనం ఊరి మధ్య నుంచి కదిలిపోయారు. 1890లో పెట్టిన ఆ మగపిల్లల హైస్కూలు తరవాత వెబర్ హైస్కూలుగా పేరు మార్చుకుని, వేరే చోటికి మారి, 1999లో మూతపడింది. 1874లో పుట్టిన సెయింట్ అడల్బర్ట్ అనే ఇంకో పెద్ద పోలిష్ విచారణ గుడిని 2019లో మూసేశారు. తమాషా ఏమిటంటే, క్యాతలిక్ బళ్ళు శిఖరం మీద ఉన్న ఆ 1965లోనే కొత్త వలస చట్టం వచ్చి మనకి తలుపు తెరుచుకుంది. ఒక జనం మెట్లు దిగుతుండగా మనం ఎక్కడం మొదలుపెట్టాం.

ఆ మెట్ల మీద మనవాళ్ళూ కొందరు ఎదురుపడ్డారు. అమెరికాలో గురువుల కొరత వచ్చాక, భారతదేశం నుంచి, అందులో తెలుగు పీఠాల నుంచి కూడా గురువులు వచ్చి ఇక్కడి విచారణల్లో పనిచేస్తున్నారు. కర్నూలు జిల్లాలో పుట్టి, 2022లో తెలుగువారిలో మొట్టమొదటి కార్డినల్ అయిన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు 2001 నుంచి 2003 దాకా చికాగో అగ్రపీఠంలో సేవచేస్తూ, ఇక్కడి లొయోలా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఒకప్పుడు యూరప్ నుంచి మన ఊళ్ళకి గురువులొచ్చి బళ్ళు పెట్టారు. ఇప్పుడు మన ఊళ్ళ నుంచి గురువులొచ్చి ఇక్కడి గుళ్ళలో దీపం ఆరకుండా చూస్తున్నారు.

మరి పోలిష్ భాష ఏమైంది? చికాగోలో ఆ భాష చావలేదు. అయితే దాన్ని బతికించినది ఆ పెద్ద పెద్ద విచారణ బళ్ళు కావు. రెండో ప్రపంచయుద్ధం తరవాత వచ్చిన శరణార్థులు, 1980లలో వచ్చినవాళ్ళు, శనివారం బళ్ళు పెట్టుకున్నారు. అద్దెకి తీసుకున్న గదుల్లో, వారానికి కొన్ని గంటలు. అచ్చం మన మనబడిలాగే. (మనబడి 2007లో మొదలైంది.) నిత్యం ఎవరో ఒకరు పుట్టింటి నుంచి కొత్తగా వస్తుండటం, ఇంట్లో ఆ భాషలో పోట్లాడుకోవడం, ఫోనులో అమ్మమ్మతో మాట్లాడటం, వీటికి తోడుగా బడి ఉంటే భాష నిలిచింది. ఇవి లేనిచోట వేలమంది పిల్లలు చదివే ఇటుకల బడి కూడా నిలపలేకపోయింది.

అయితే ఆ కూలివాళ్ళ చందాలన్నీ వృథా అయ్యాయా? నేను అలా అనుకోను. వాళ్ళు భాష కోసం కట్టారు, భాష మూడో తరానికి జారిపోయింది. కానీ ఆ బడి వాళ్ళ పిల్లల్ని తోళ్ళ కార్ఖానాలోంచి బయటికి తెచ్చింది. ఆ తరవాత వాళ్ళు ఊహించనైనా లేని మెక్సికో పిల్లవాడికి నీడనిచ్చింది. కట్టినవాళ్ళ ఉద్దేశం వేరు, కట్టడం చేసిన పని వేరు. లెమాంట్ రామాలయం, అరోరా బాలాజీ గుడి కట్టుకున్న మనవాళ్ళు, నెలకోసారి తెలుగు పూజకి కలుసుకునే మన క్యాతలిక్ కుటుంబాలు, ఎవరైనా సరే, ఈ ప్రశ్న వేసుకోవాలి. మన మనవలు ఇక్కడ లేని రోజున ఈ తలుపులు ఎవరికి తెరిచి ఉంటాయి? దస్తావేజులో, నిబంధనల్లో ఆ మాట ఇప్పుడే రాసుకున్నామా?

చివరిగా ఒక్క కోరిక. సెయింట్ స్టానిస్లాస్ గురించి మనం ఇంత మాట్లాడుకోగలిగామంటే కారణం, ఆ జనం రాసిపెట్టుకున్నారు. విచారణకి పాతికేళ్ళు నిండితే ఒక పుస్తకం, యాభై నిండితే ఇంకో పుస్తకం. ఫోటోలు, పద్దులు, సంఘాల పేర్లు. విస్కాన్సిన్‌లో వాక్లావ్ క్రుష్కా అనే గురువు 1905లో మొదలుపెట్టి అమెరికాలో పోలండు వాళ్ళ చరిత్రని పదమూడు భాగాలుగా అచ్చువేశారు. మన సంఘాల మొదటి మీటింగులకి వెళ్ళినవాళ్ళు, గుడికి మొదటి చెక్కు రాసినవాళ్ళు, బేస్‌మెంటులో మొదటి తెలుగు పాఠం చెప్పిన అమ్మలు ఇప్పుడు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉన్నారు. వచ్చే నెల వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఫోను బల్ల మీద పెట్టి, రికార్డు నొక్కి, 'ఆంటీ, అప్పుడేం జరిగింది?' అని అడగండి. దాతల పేర్లు పలకల మీద ఎలాగూ ఉంటాయి. పాఠాలు చెప్పినవాళ్ళ పేర్లు ముందు రాసుకోండి.